తల తిప్పిన కొంగ

మిల్ రన్, పెన్సిల్వేనియా
జూన్ 9, 2008

మహారాజ్ఞి కెప్టెన్ ల్యూబా హుడాక్ గారి సముఖానికి,

తమరు నడిపిన పన్నెండో నంబరు స్కూలు బస్సులో, డ్రైవరు వెనక సీటులో, అంటే అల్లరి వెధవలకి కేటాయించిన సీటులో, ఎనిమిదేళ్లు నిరంతరాయంగా ప్రయాణించిన ఎమెట్ యోడర్ వ్రాసుకొను విన్నపము.

తమరి తుంటి ఎముక అతుక్కుంటోందని విని సంతోషించాను. ఈరీలోని ఆ విశ్రాంతి గృహంలో క్యాబేజీ నూడుల్స్ చప్పగా చేస్తున్నారని విని విచారించాను. ఫోనులో మాట్లాడుకుందామంటే మీకు చెవి వినపడదు, నాకు నోరు ఆగదు. కాబట్టి ఉత్తరాలే ఇద్దరికీ క్షేమం.

పార్సిల్ అందింది. మీ ముద్రల పుస్తకం, బస్సు చక్రం చెక్కిన మీ రబ్బరు ముద్ర, సిరా దిండు, వీటితోపాటు "నేను నడవలేను, నా బదులు నువ్వు వెతుకు" అన్న ఆజ్ఞ. శిరసావహించాను. ఈ పెట్టెల వేట నిబంధనలు కంఠస్థం చేశాను: దాచిన పెట్టె దొరికాక అందులోని ముద్ర మన పుస్తకంలో వేసుకోవాలి, మన ముద్ర పెట్టెలోని పుస్తకంలో వేయాలి, తేదీ రాయాలి, ఎవరూ చూడకుండా యథాస్థానంలో పెట్టి రావాలి. అసలు పేరు రాయకూడదు, అడవి పేరే రాయాలి. మీ అడవి పేరు 'ఆఖరి స్టాపు' అని తెలిసి నా చిన్నతనం అంతా కళ్ల ముందు తిరిగింది.

నా ఉద్యోగ వైభవం కూడా మనవి చేసుకోవాలి. తత్వశాస్త్రంలో పట్టా పుచ్చుకున్న నేను, జలపాతం మీద కట్టిన ఆ జగత్ప్రసిద్ధ గృహం దగ్గర కార్లు ఎక్కడ ఆపాలో చేత్తో చూపిస్తున్నాను. నిన్న ఒకాయన అడిగాడు.

"ఇంట్లోంచి జలపాతం బాగా కనపడుతుందా, బాబూ?"

"కనపడదండీ. ఇల్లు దాని నెత్తిమీదే కూర్చుంది."

"మరి అంత దూరం నుంచి వచ్చింది ఎందుకు?"

"నేనూ నాలుగేళ్లు చదివి ఇదే అడుగుతున్నానండీ."

ఇక వేట. "ఇంటి చప్పుడు ఆగి వాగు చప్పుడు మిగిలే చోట బెంచీ. అక్కణ్నుంచి అరవై అడుగులు. రెండు మానులుగా చీలిన హెమ్లాక్ చెట్టు" అన్నారు. మీ అడుగులా, నా అడుగులా అన్నది రాయలేదు. మూడుసార్లు రోడోడెండ్రాన్ పొదలో దూరి, అందులో ఉన్న ఒక దంపతుల ఏకాంతానికి భంగం కలిగించి, నాలుగోసారి కనుక్కున్నాను. రాయి కింద మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా. మీ చక్రం ముద్ర వేసి వచ్చాను.

ఆ పెట్టెలోని పుస్తకం ఆఖరి పేజీ ఫొటో పంపుతున్నాను. ఎవరో 'నీలికొంగ' గారట, జూన్ 3న దయచేసి వెళ్లారు. మా టికెట్ల కిటికీలో కూర్చునే ట్రూడీ తొమ్మిది వందల పెట్టెలు పట్టిన మనిషి, నన్ను 'పిల్లకాకి' అంటుంది. ఆ ముద్ర చూసి, "పదకొండేళ్లయిందిరా ఈ కొంగ వాలి! ఈ కొండల్లో అంత అందంగా చెక్కినవాడు ఇంకోడు లేడు!" అని కళ్లొత్తుకుని మా అందరికీ డోనట్లు పంచింది. నాకు నవ్వాగలేదు. ఎవరండీ ఈ మహానుభావుడు? మీకేమైనా తెలుసా?

తమరి విధేయ వేటకుక్క,
ఎమెట్


ఈరీ
జూన్ 17

ఎమెట్,

ఆ ఫొటో తలగడ కింద పెట్టుకుని పడుకుంటున్నాను. నర్సు నాడి చూసి ఏమైంది అంది. ఏం లేదన్నాను.

వేటగాళ్ల అసలు పేరు ఇంకొకరికి చెప్పకూడదు. ముప్పై ఏళ్లలో నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. నీలికొంగ నా తమ్ముడు సిరిల్.

నాకు తమ్ముడున్నట్టు నీకు తెలియదు. నేనే ఎవరికీ చెప్పుకోవడం మానేశాను. అమ్మ పోయాక వాడు ఆ వాగు ఎగువన ఒక పెట్టె దాచాడు. ముద్ర మీద అమ్మ మొహం చెక్కాడు, తలకి కట్టుకున్న గుడ్డ ముడితో సహా. దాని జాడ నాకొక్కదానికే చెప్పాడు. నాకేమో గర్వం. అంత మంచి ముద్ర నలుగురూ చూడొద్దా అని వేటగాళ్ల పత్రికలో జాడ అచ్చేయించాను, వాడిని అడక్కుండా. నెలలో నలభైమంది పోయారు. అక్కడి ఫెర్న్ మొక్కలన్నీ తొక్కేశారు. ఎవరో ముద్ర ఎత్తుకుపోయారు. అమ్మ మొహం ఇప్పుడు ఎవరి సొరుగులో ఉందో.

వాడు నా బస్సు ఎక్కాడు. పిల్లలందరూ దిగేదాకా కూర్చున్నాడు. ఆఖరి స్టాపులో అన్నాడు: "అక్కా, నీకు చెప్పినందుకు నాకు సిగ్గుగా ఉంది. నా కొంగ మళ్లీ ఈ కొండల్లో వాలిందంటే నీ మీద కోపం పోయిందనుకో. వాలకపోతే పోలేదనుకో." దిగిపోయాడు. అంతే. చిరునామా లేదు, ఫోను లేదు. పదకొండేళ్లు.

ఇంకొకటి. వాడి కొంగ ఎప్పుడూ ఎడమవైపుకి, వాగు దిగువకి చూస్తుంది. నువ్వు పంపిన దాంట్లో కుడివైపుకి చూస్తోంది. భూతద్దం పెట్టి చూశాను. తల తిప్పాడు, ఎమెట్. నోటితో చెప్పలేనిది కత్తితో చెప్పే మనిషి వాడు. ఇంటివైపు తిరిగానని చెప్తున్నాడు.

ఇందులో అంటించిన కవరు ఉంది. వాడికి. ఆ పెట్టెలో పెట్టు, తడవకుండా ప్లాస్టిక్ సంచిలో.

ల్యూబా


మిల్ రన్
జూన్ 26

గౌరవనీయులైన కెప్టెన్ గారికి,

మీ ఉత్తరం, అందులోని కవరు అందాయి.

ఇక్కడ నాలుగు రోజులుగా వాన. వాగు ఎర్రగా పారుతోంది. గొడుగుల కింద కూడా జనం ఇంటిని ఫొటోలు తీస్తూనే ఉన్నారు. ఒకావిడ గొడుగు ఇంకొకాయన కంట్లో పొడుచుకుంది. ఇద్దరికీ పార్కింగు నేనే చూపించాను. ఇందులో నవ్వాల్సింది ఏదో ఉందనుకుని మొదలుపెట్టాను. రాశాక చూస్తే ఏం లేదు.

కొంగ గురించి. మీరు మరీ ఆశ పెట్టుకోవద్దని నా మనవి. రబ్బరు ముక్కలు చెక్కేవాళ్లు చాలామంది ఉంటారు కదా. ఎవరైనా పాత పేజీ చూసి, సరదాకి అలాంటిదే ఒకటి చెక్కి ఉండొచ్చు. అలా జరిగిందని కాదు. జరగొచ్చని.

కవరు తీసుకుని ఆదివారం వెళ్తాను.

ఎమెట్


ఈరీ
జూలై 10

ఒరేయ్ ఎమెట్,

సరదాకా? ఎవడు చేస్తాడురా అలాంటి పని? పెట్టె వేటగాళ్లలో బద్ధకస్తులుంటారు, జాడ తప్పు రాసేవాళ్లుంటారు, ముద్ర ఎత్తుకుపోయే దొంగలూ ఉంటారని నాకు బాగా తెలుసు. కానీ ఇంకొకరి ముద్ర తను వేసే నీచుడు ఇంతవరకు పుట్టలేదు. నువ్వు కొత్తవాడివి, నీకు తెలియదులే.

నేను చేతికర్రల చట్రం పట్టుకుని వరండా ఆ చివర నుంచి ఈ చివరకి రోజుకి పదకొండుసార్లు నడుస్తున్నాను. మొదట రెండుసార్లకే ఆయాసం వచ్చేది. మా భోజనాల బల్ల దగ్గర పస్కల్ అని ఒక ముసలాయన ఉన్నాడు, పాత మంగలి.

"ఏంటి హుడాక్, పందెంలో దిగుతున్నావా?" అన్నాడు.

"మా తమ్ముడొచ్చాడు" అన్నాను.

చెంచా కింద పెట్టేశాడు. "అయితే జుట్టు కత్తిరిస్తా కూర్చో. అలా వెళ్తే నిన్ను చూసి మళ్లీ పారిపోతాడు."

కత్తిరించాడు. బాగానే ఉంది.

ఇంకో సంగతి. పదకొండేళ్ల తర్వాత కత్తి పట్టాను. వేళ్లు వంగవు, పొద్దున వేడినీళ్లలో పెడితే గంట సేపు మాట వింటాయి. ఆ గంటలోనే చెక్కుతున్నాను. నాదీ ఒక కొంగ. వాడిది కుడివైపు తిరిగింది కాబట్టి నాది ఎడమవైపు చూసేలా. పక్కపక్కన వేస్తే రెండూ ఎదురెదురుగా నిలబడతాయి. వాడు చూస్తే చాలు, మాటలక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. వాన మీద నాలుగు వాక్యాలు రాశావు, ఉత్తరం సంగతి రాయలేదు. పెట్టెలో నా ఉత్తరం ఉందా, లేదా? ఒక్క మాటలో రాయి.

ల్యూబా


మిల్ రన్
జూలై 16
(కార్డు)

కెప్టెన్ గారికి,
పెట్టెలో ఉత్తరం లేదు.
ఎమెట్


ఈరీ
జూలై 24

నా బంగారు ఎమెట్,

తీసుకున్నాడు! నీ కార్డు బల్ల దగ్గర పైకి చదివాను. వంటావిడ కూడా వచ్చి నిలబడింది. పస్కల్ రెండోసారి చదవమన్నాడు. "ఒక్క ముక్కేగా, మళ్లీ ఎందుకు?" అంటే, "ఒక్క ముక్కే కాబట్టి" అన్నాడు.

సెప్టెంబరు 13 శనివారం వస్తున్నానని ఆ ఉత్తరంలో రాశాను. ఆ రోజు అమ్మ పుట్టినరోజు. పస్కల్ కూతురు కారులో తీసుకొస్తానంది. బెంచీ దాకా నువ్వు పట్టుకో, అక్కణ్నుంచి అరవై అడుగులు నేనే వేస్తాను. నా అడుగులేరా, నీవి కావు. గసగసాల రొట్టె చుట్టి కాల్చడానికి వంటావిడ పొయ్యి ఇస్తానంది. సిరిల్‌కి చివరి ముక్క కావాలి, చిన్నప్పుడు దానికోసం నన్ను కొరికేవాడు.

కొంగ పూర్తయింది. పంతొమ్మిది రోజులు పట్టింది.

నిన్ను మొదటి సీటులో కూర్చోబెట్టిన రోజుల్లో నువ్వెందుకూ పనికిరావని అనుకునేదాన్ని. తప్పయింది. క్షమించు.

ల్యూబా


మిల్ రన్
ఆగస్టు 2

కెప్టెన్ గారికి,

కూర్చుని చదవండి. పక్కన పస్కల్ గారు ఉంటే, ఆయన్ని కాసేపు పంపేయండి.

ఆ కొంగని చెక్కింది నేను.

మే నెలలో ట్రూడీ నాకు ఆ హెమ్లాక్ పెట్టె పుస్తకంలోని పాత పేజీ ఫొటో చూపించింది, 1997 అక్టోబరు నాటిది. "దీని ముందు నువ్వెంతరా, పిల్లకాకీ" అంది. ఆవిడకి బుద్ధి చెప్పాలనుకున్నాను. పల్చటి కాగితం మీద ఆ కొంగని దిద్దుకుని, ఆ కాగితాన్ని రబ్బరు మీద పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెక్కాను. రబ్బరు మీద చెక్కింది కాగితం మీద తిరగబడుతుందని ఒకటో తరగతి పిల్లాడికి కూడా తెలుస్తుంది. తత్వశాస్త్ర పట్టభద్రుడికి తట్టలేదు. అందుకే అది కుడివైపుకి చూస్తోంది. మీ తమ్ముడు తల తిప్పలేదు. నేను కాగితం తిప్పలేదు.

అయిదు పెట్టెల్లో వేశాను. మీకు ఫొటో పంపింది కూడా, కెప్టెన్ కనిపెడతారో లేదో చూద్దామని. అది ఎవరి ముద్రో నాకు తెలియదు. తెలియకపోవడం నా తప్పు తగ్గించదు, తేదీల వరస కోసం రాస్తున్నాను. ఎందుకంటే జూన్ 17 ఉత్తరం అందాక తెలిసింది. తెలిసీ ఆరు వారాలు ఊరుకున్నాను.

మీ కవరు పెట్టె దాకా తీసుకెళ్లాను. మూత తీశాను. పెట్టలేకపోయాను. ఎవరో దారినపోయేవాళ్లు విప్పి చదువుతారని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి, నా అబద్ధం పక్కన మీ ఉత్తరం పెట్టడానికి చెయ్యి రాలేదు. నా సొరుగులో మేజోళ్ల కింద పెట్టాను. తర్వాత మీరు ఒక్క మాటలో అడిగారు. "పెట్టెలో ఉత్తరం లేదు" అని రాశాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నేను పుట్టాక చెప్పిన అతి పెద్ద అబద్ధం అదే. పోస్టు డబ్బాలో వేస్తూ, భలే తప్పించుకున్నాననుకున్నాను కూడా. అది రాయకుండా ఉండాలనుకున్నాను గానీ రాస్తున్నాను.

మీరు "నీచుడు ఇంతవరకు పుట్టలేదు" అన్నారు. పుట్టాడు. మీ బస్సులోనే పెరిగాడు.

కవరు విప్పలేదు, ఇందులో పంపుతున్నాను. నేను చెక్కిన రబ్బరు ముక్క కూడా ఉంది. ఏం చేయాలో మీరే చేయండి. 13న రావద్దని ఎలా చెప్పాలో తెలియక ఇదంతా రాశాను. ఎవరూ రారు, కెప్టెన్ గారూ. రావద్దు.

ఎమెట్


ఈరీ
ఆగస్టు 29

ఎమెట్ యోడర్‌కి,

నీ ఉత్తరం అందిన రోజు భోజనానికి వెళ్లలేదు. రెండో రోజు వెళ్లాను. అందరికీ చెప్పినదాన్ని కాబట్టి అందరికీ మళ్లీ చెప్పాలి. ఒక్కొక్కరే అడిగారు, ఒక్కొక్కరికే చెప్పాను. చెవిటివాళ్లున్న బల్ల. అరిచి చెప్పాలి. "రావట్లేదు! ఎప్పుడూ రాలేదు! ఎవరో కుర్రాడు ఆట పట్టించాడు!" వంటావిడ గసగసాలు తెప్పించి పెట్టింది. వాటిని ఏం చేయమంటావని అడిగింది. నిన్ను అడగమని చెప్పాలనిపించింది.

పస్కల్ మాత్రం ఉప్పు డబ్బా నావైపు జరిపాడు.

నీ మీద కోపం పదహారు రోజులు ఉంది. పదిహేడో రోజున భూతద్దం తీసి ఆ ఫొటో మళ్లీ చూశాను. నీ కొంగ కాలికి మూడు వేళ్లే ఉన్నాయి. సిరిల్ ఎప్పుడూ నాలుగు చెక్కుతాడు, వెనక వేలుతో సహా. ఆ సంగతి జూన్‌లోనే నా కంట పడింది. వాడి చెయ్యి కూడా ముసలిదైందిలే అనుకుని భూతద్దం పక్కన పెట్టేశాను. కాబట్టి సిగ్గంతా నీకొక్కడికే ఇవ్వను. కొంత నాది. అడక్కుండా అచ్చేయించినదాన్ని, నేను ఇంకొకరిని నీచుడనడం కూడా అందులో కలుపుకో.

ఇప్పుడు విను. మొదటి సీటులో కూర్చున్నట్టు కూర్చుని విను.

ఆ అయిదు పెట్టెలకీ వెళ్లు. పేజీ చింపకు, ముద్ర మీద గీతలు కొట్టకు. దాని కిందే సిరాతో రాయి: ఇది నకలు, చెక్కింది నేను, నీలికొంగ రాలేదు. అడవి పేరు వద్దు. అమ్మానాన్న పెట్టిన పేరు పూర్తిగా రాయి. ట్రూడీకి నోటితో చెప్పు.

నా కవరు మళ్లీ పంపుతున్నాను, నేనూ విప్పలేదు. అది సిరిల్‌కి రాసింది, నీ కొంగకి కాదు. నువ్వు పుట్టించిన కారణం పోయినంత మాత్రాన అందులో రాసింది పోదు. పెట్టెలో పెట్టు. ఎవరైనా విప్పితే విప్పనీ.

నీ రబ్బరు ముక్క పొయ్యిలో వేశాను. కంపు కొట్టింది. నేను చెక్కిన కొంగ కూడా పంపుతున్నాను. నీ దాని ఎదురుగా నిలబడాలని చెక్కింది. నీదే దొంగదయ్యాక దీనికి ఎదురెవరు? నాకు చూడబుద్ధి కావట్లేదు. వాగులో పడెయ్.

ల్యూబా హుడాక్


మిల్ రన్
సెప్టెంబరు 14

కెప్టెన్ గారికి,

నిన్న, 13న, చేశాను. రోజంతా పట్టింది.

ట్రూడీకి ముందు రోజే చెప్పాను. కిటికీ అవతల జనం వరసలో ఉండగానే చెప్పాను, లేకపోతే చెప్పనని భయం వేసి.

"నేను ఏడుస్తుంటే నువ్వు నవ్వావా?" అంది.

"నవ్వాను."

"నా డోనట్ తిన్నావా?"

"రెండు తిన్నాను."

టికెట్లు చింపుతూనే ఉంది. "నాలుగో పెట్టెకి దారి మారింది, వంతెన కొట్టుకుపోయింది. ఎగువ నుంచి వెళ్లు" అంది. పిల్లకాకి అని మాత్రం అనలేదు. అంటే బాగుండేది.

ముద్ర వేసేటప్పుడు అది నాకూ ట్రూడీకీ మధ్య వ్యవహారమనుకున్నాను. కాదు. మూడో పెట్టెలో నా కొంగ కింద ఎవరో పెన్సిల్‌తో రాశారు: "నీలికొంగ గారూ, మీరు బతికే ఉన్నారని మా ఆయన ఎప్పుడూ అనేవారు. ఆయన ఉంటే సంతోషించేవారు." దాని కింద నా పేరు రాయాల్సి వచ్చింది. ఎమెట్ జెరోమ్ యోడర్. చిన్న పేరే, రాయడానికి చాలాసేపు పట్టింది. నాలుగో దాంట్లో ఒక పాప రంగు పెన్సిల్‌తో కొంగకి చేప గీసింది. పాపకి అర్థమయ్యేలా విడిగా ఇంకో వాక్యం రాశాను.

ఆఖరున హెమ్లాక్ పెట్టె. బెంచీ దగ్గర నుంచి మీ అడుగులతో నడిచాను, చిన్న అడుగులు, చట్రం పట్టుకున్నట్టు. అరవైకి సరిగ్గా రాయి తగిలింది. ఇన్నాళ్లూ నా అడుగులతో నడిచినందుకే తప్పిపోయాను.

ఇప్పుడు ఒప్పుకోవాల్సింది ఇంకోటి ఉంది. మీరు పడెయ్యమన్న కొంగని పడెయ్యలేదు. వాగు దగ్గర చెయ్యి ఎత్తాను కూడా. అప్పుడు దాని కాలు చూశాను. నాలుగు వేళ్లు. వెనక వేలు దగ్గర కత్తి జారి, మళ్లీ సరిచేసిన గీత. వేడినీళ్ల గంట గుర్తొచ్చింది.

పెట్టెలోని పుస్తకంలో 1997 పేజీ తీశాను. మీ తమ్ముడి అసలు కొంగ, ఎడమవైపుకి, దిగువకి చూస్తూ. దాని కుడిపక్కన ఖాళీ ఉంది. మీ కొంగని అక్కడ వేశాను. మిమ్మల్ని అడక్కుండా చేశాను. అడక్కుండా చేయడం ఎంత పెద్ద తప్పో మీరూ రాశారు, నాకూ తెలుసు. అయినా చేశాను. రబ్బరు ఎత్తాక చూస్తే, అవి ఎదురెదురుగా లేవు. మీది నా దొంగ కొంగకి ఎదురు నిలబడేలా చెక్కారు కదా, అందుకని మీదీ ఎడమకే చూస్తోంది, సిరిల్ గారి దానిలాగే. ముందు ఆయన, నాలుగు వేళ్ల దూరంలో వెనక మీరు. ఇద్దరూ ఒకే నీళ్లవైపు చూస్తూ, వాగులో దిగి నడుస్తున్నట్టుంది.

మీ ముద్రల పుస్తకంలో కూడా అదే వేసి పంపుతున్నాను. కింద మీ పేరు, తేదీ రాయలేదు. అవి మీవి. తప్పయితే చెప్పండి, వెళ్లి దాని కింద కూడా నా పేరు రాసి వస్తాను.

ఎమెట్


ఈరీ
సెప్టెంబరు 22
(కార్డు)

ఎమెట్,

చిన్నప్పుడు వాగులో వాడే ముందు నడిచేవాడు. నాకు జారుతుందని భయం. వాడి చొక్కా పట్టుకుని నడిచేదాన్ని.

దాని కింద ఏమీ రాయకు. అలాగే ఉండనీ.

గసగసాల రొట్టె చేశాం. చివరి ముక్క పస్కల్ తినేశాడు.

మూత గట్టిగా బిగించావా? ఆకులు రాలితే తేమ దిగుతుంది. నాలుగు పేజీలు రాశావు, అడిగింది మాత్రం రాయలేదు, మామూలే. పెట్టెలో నా ఉత్తరం ఉందా, లేదా? ఒక్క మాటలో రాయి.

ల్యూబా


మిల్ రన్
సెప్టెంబరు 26
(కార్డు)

కెప్టెన్ గారికి,
ఉంది.
ఎమెట్